రాడిమ్ కోసినా షెడ్డు మీద మంచు

మా లోట్కా ఊళ్ళో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి తలుపు తట్టాల్సిన పని లేదు. చలికాలంలో అయితే అసలే లేదు. ఇంటికప్పు చూస్తే చాలు. పొగగొట్టం చుట్టూ మంచు కరిగి ఉంటే పొయ్యి బాగా మండుతోందని అర్థం. పడకగది మీద కరిగి ఉంటే ఎవరికో జ్వరం, లేదా కొత్త పెళ్ళి. మా ఎదురింటి రాడిమ్ కోసినా షెడ్డు మీద మాత్రం ఏటా రెండు మూడు నెలలు దుప్పటంత మేర రేకు నల్లగా బయటపడి ఉంటుంది. చుట్టూ మోకాలెత్తు మంచు, మధ్యలో ఆ నల్ల మచ్చ. దాని కింద ఆయనగారి కొలిమి ఉంది. కొలిమిలో ఆయనగారి కళ ఉంది.

ఆయనగారు అన్నానని అదేదో గౌరవం అనుకోకండి. వాడి ముడ్డి కడిగిన చేతులివి. వాళ్ళమ్మ కర్మాగారంలో రాత్రిపాళీకి వెళితే వాడిని మా వంటింట్లోనే పడుకోబెట్టేది. ఇప్పుడు వాడికి అరవై మూడేళ్ళు, గుండెల దాకా గడ్డం, మెడలో ఎండాకాలం కూడా తీయని ఉన్ని కండువా. ప్రాగ్ నుంచి వచ్చేవాళ్ళు "మాస్టారూ" అంటారు. మా వీధిలో ఎవరూ అనరు.

రాడిమ్ గాజు శిల్పి. గాజు శిల్పం అంటే గొట్టంతో ఊది చేసే పూలకూజా కాదు. ముందు మట్టితో బొమ్మ చేస్తారు. దానికి ప్లాస్టరుతో అచ్చు తీస్తారు. ఆ అచ్చు నిండా గాజు గడ్డలు పోసి కొలిమిలో పెడితే అవి కరిగి మూలమూలకీ పాకుతాయి. అంతవరకూ కొద్ది రోజుల పని. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది, అదేమిటంటే ఏ పనీ చేయకుండా ఉండడం. రెండు దిండ్లంత మందం ఉన్న గాజును రోజుకు కాస్త చొప్పున రెండున్నర నెలలు చల్లారనివ్వాలి. తొందరపడి తలుపు తీస్తే పైపొర చల్లబడి బిగుసుకుంటుంది, పొట్ట ఇంకా వేడిగానే ఉంటుంది, రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుని బొమ్మ టప్పున పగులుతుంది. ఏ పనీ చేయకపోవడమే ఇందులో గొప్ప విద్య కనుక, చిన్నప్పటి నుంచీ ఏ పనీ చేయని రాడిమ్ తప్పకుండా రాణిస్తాడని మేమందరం అనుకున్నాం. చివరికి అదీ చేతకాలేదు.

వాళ్ళ నాన్న అలోయిస్ అలాంటివాడు కాదు. మా ఊరి గాజు కర్మాగారంలో చల్లార్పు కొలిములకు నలభై ఏళ్ళు కాపు కాశాడు. నేను అదే కర్మాగారంలో గాజు సామాను గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దేదాన్ని. కమ్యూనిస్టుల కాలం. డిసెంబరు ఆఖరుకు ప్రణాళికలో రాసిన సరుకు లెక్క నిండి తీరాలి. నెలాఖరు దగ్గరపడేసరికి డైరెక్టరు మెడ ఎర్రబడేది, కొలిమి దగ్గరికి పరుగెత్తుకొచ్చి తలుపు తియ్యమనేవాడు. అలోయిస్ గోడకి చేరగిలి, చేతిలో రొట్టె పక్కన పెట్టకుండానే, "కప్పు చూసి రండి, కామ్రేడ్" అనేవాడు. డైరెక్టరు బయటికి వెళ్ళి తల ఎత్తి చూసేవాడు. మంచు నిలిచి ఉంటే తలుపు తెరుచుకునేది. నిలవకపోతే ప్రణాళిక అయినా, పార్టీ అయినా వెళ్ళి కూర్చోవాల్సిందే. ఆ మనిషి చేతిమీదుగా వెళ్ళిన గాజు పగలడం నేను చూడలేదు. తన పేరు ఒక్క గ్లాసు అడుగున కూడా చెక్కుకోలేదు.

కొడుకు మాత్రం అచ్చు తీయడం నేర్చుకోక ముందే సంతకం నేర్చుకున్నాడు. పక్క ఊరి గాజు బడిలో నాలుగేళ్ళు, ప్రాగ్ కళాశాలలో ఆరేళ్ళు చదివాడు. తిరిగొచ్చినప్పుడు గడ్డం, కండువా, ఇంకో కొత్త అలవాటు కూడా తెచ్చుకున్నాడు. ఏమడిగినా వెంటనే జవాబు చెప్పడు. కళ్ళు సగం మూసి గాలిలోకి చూస్తాడు. ఒకసారి మా ఇంటి గోడమీదుగా, "ఏరా, మీ ఇంట్లో ఉప్పుందా?" అని అడిగితే అలాగే చూశాడు. నా కూరలో నీళ్ళు ఇంకిపోయాయి.

నలభై ఏళ్ళలో వాడు చేసినవన్నీ ఒకే బొమ్మ. గుడ్డులా గుండ్రంగా ఉంటుంది, మధ్యలో ఒక చిల్లు. ఒకటి "ధ్యానం", ఒకటి "గర్భం", ఒకటి "మౌనం, మూడు". మొదటి రెండు మౌనాలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. మా ఓతిల్కా ముప్పై ఏళ్ళు సాన చక్రం మీద గాజు చెక్కిన మనిషి, ఆ చక్రం హోరుకి ఒక చెవి పోగొట్టుకుంది. ఆమె మొదటి ప్రదర్శనకి వెళ్ళొచ్చి, ఆదివారం పులుసులోకి మనం ఉడికించే క్నెడ్లిక్ ముద్దలకి రంగేసి పెట్టాడని చెప్పింది. ఆ రోజు నుంచి మా వీధిలో వాడి కళకి ముద్దలనే పేరు స్థిరపడింది.

ఒక ముద్ద పగిలిన కథ కూడా చెప్పాలి. మా దేశం చెక్, స్లొవాక్ అని రెండుగా విడిపోయిన ఏడాది. ఎవరో జర్మనీ పెద్దమనిషి చూడ్డానికి వస్తున్నాడని రాడిమ్ పదకొండు రోజులు ముందుగా కొలిమి తెరిచాడు. నేను గిన్నెలు తోముతున్నాను, ఆ చప్పుడు నా కిటికీ దాకా వినిపించింది. వాడు రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు గడ్డం దువ్వుకుని వచ్చి, ఆ పగులుకి మెరుగు పెట్టి, దానికి "గాయం" అని పేరు పెట్టాడు. ఆ చీలిక రెండుగా విడిపోయిన దేశం మనసుదని ఒకాయన పత్రికలో రాశాడు. దేశం సంగతి నాకు తెలియదు గాని, ఆ చీలిక పదకొండు రోజుల తొందరది. జర్మనీ ఆయన దాన్ని సంతోషంగా పట్టుకెళ్ళాడు. అదే వాడి కొంప ముంచింది. పగిలినదానికి పూలదండ వేస్తే ఎవడైనా ఏం నేర్చుకుంటాడు? ఆ తరువాత ఇంకో రెండు పగిలాయి. వాటికి పేరు పెట్టినా ఎవరూ రాలేదు. ఒక గాయం చూసినవాళ్ళకి రెండోది ఎందుకు?

ఆ "గాయం" పేరు మోగిన రోజుల్లోనే ఒక పత్రికవాళ్ళు తండ్రి గురించి అడిగితే, మా నాన్న మామూలు పనివాడు, కప్పు మీద మంచు చూసి కొలిమి తెరిచేవాడు, అదొక అందమైన పల్లెటూరి నమ్మకం అని చెప్పాడు. ఆ పత్రిక అలోయిస్ కూడా చదివాడు. దాన్ని మడిచి, తోటలో తవ్విన ఉల్లిపాయలు ఆరబెట్టుకోవడానికి కింద పరిచాడు. ఆ చలికాలం ఆఖర్లోనే పోయాడు.

పదకొండేళ్ళుగా ప్రాగ్‌లో రాడిమ్‌ని పిలిచినవాళ్ళు లేరు. పర్యాటకులకి కొవ్వొత్తి గిన్నెలు చేస్తూ, జింక గుర్తు పబ్బులో కూర్చుని ఈ కాలంవాళ్ళకి కళ తెలియదని చెబుతూ గడిపాడు. వాడి భార్య బ్లాజెనా మందుల దుకాణంలో పనిచేసి ఇల్లు నడిపింది. నోట్లోంచి ఒక్క మాట రాని పిల్ల. అలాంటిది కిందటేటి శరత్తులో రొట్టెల కొట్టు వరుసలో నిలబడి తనంతట తనే నాతో, "అత్తా, ఆయన్ని ప్రాగ్ పిలిచింది" అని చెప్పింది. డాక్టర్ రెగీనా అని, కళల చదువులో పట్టా పుచ్చుకున్న ఆవిడ పెద్ద హాలులో ప్రదర్శన పెడుతోందట. నడి హాలులో నిలబెట్టడానికి నా ఛాతీ ఎత్తు గాజు శిల్పం ఒకటి కావాలట. దానికి రాడిమ్ అప్పటికే పేరు పెట్టేశాడు, "నిశ్చలత".

ప్రదర్శన మార్చి ఆరున. అంటే నవంబరు ఆఖరుకల్లా కొలిమి వెలగాలి. మరి ఈ మహానుభావుడు నవంబరులో ఏం చేశాడంటే, గాజుపనిలో ఓపిక అన్న విషయం మీద ఉపన్యాసం ఇవ్వడానికి ప్రాగ్ వెళ్ళాడు. ఓపిక గురించి పదిరోజులు మాట్లాడి జలుబుతో తిరిగొచ్చాడు. ఆ జలుబు డిసెంబరు సగం మింగింది. ఆ పైన క్రిస్మస్ పండగ, చేప వేపుడు, చుట్టాలు. కొలిమి వెలిగింది జనవరి మూడున. వాడి షెడ్డు లైటు నా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది, తారీఖు నేను క్యాలెండరు మీద రాసి పెట్టుకున్నాను. డెబ్బై అయిదు రోజులు లెక్క వేస్తే మార్చి పందొమ్మిది తేలింది. నాలుగో తరగతి లెక్క. ప్రాగ్ కళాశాలలో అది చెప్పరు కాబోలు.

ఫిబ్రవరి ఆఖరి మంగళవారం మా వంటింట్లో నలుగురు ఆడవాళ్ళం బాతు ఈకలు వలుస్తున్నాం. పెద్దబాతు ఈకల్లోంచి ఈనె తీసేసి మెత్తని భాగం దిండ్లలోకి పోగెయ్యడం ఆ పని. తలుపు తీయకూడదు, తుమ్మకూడదు, గట్టిగా నవ్వకూడదు. చిన్న గాలి తగిలినా బల్ల మీది పోగంతా లేచి పోతుంది. నోరు తప్ప ఏదీ కదలకూడని పని కనుక ఊళ్ళో సంగతులన్నీ అక్కడే తేలతాయి. బ్లాజెనా పని ముగించుకుని ఒళ్ళంతా మందుల వాసనతో వచ్చి మెల్లగా తలుపు వేసి కూర్చుంది. కాసేపు ఈకలు వలిచి, గురువారం కొలిమి తెరుస్తున్నారని, టీవీవాళ్ళు కూడా వస్తున్నారని చెప్పింది.

"కొవ్వు గురువారమా?" అంది ఓతిల్కా. ఉపవాసాలకి ముందు వచ్చే ఆ గురువారం నాడు కడుపారా తినకపోతే ఏడాదంతా ఒంట్లో సత్తువ ఉండదని మా నమ్మకం. "ఆ రోజు పంది మాంసం తింటారు గాని కొలిమి తెరుస్తారటే?"

"థర్మామీటరు ముప్పై చూపిస్తోందట పిన్నీ."

"అది కొలిమిలో గాలిని చూస్తుంది. గాజు పొట్టలో ఎంతుందో దానికేం తెలుసు? నీ మొగుడి నుదురు తడిమి మధ్యాహ్నం ఏం తిన్నాడో చెప్పగలవా?"

అందరం నోరు మూసుకునే నవ్వాం, ఈకలు ఎగరకూడదు కదా. బ్లాజెనా నవ్వలేదు. నేను కిటికీలోంచి షెడ్డు వైపు చూశాను. నల్ల మచ్చ అలాగే ఉంది, కాకపోతే దుప్పటి అంత ఉండేది తువ్వాలు అంతకి వచ్చింది.

"వాడికి తెలియదా?" అని అడిగాను.

"తెలుసు," అంది బ్లాజెనా. "రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఇప్పుడు తెరవకపోతే ప్రాగ్ వాళ్ళు మళ్ళీ పిలవరు అత్తా. తెరిస్తే, అది పగిలితే, కొలిమి పీకించేస్తానంటున్నాడు. పీకిస్తాడు కూడా. ఇక ఆ పబ్బులో కుర్చీయే గతి."

ఆ మాట తరువాత ఎవరూ పరాచికం ఆడలేదు. ఓతిల్కా ఒక్కతే, తన చెవుడుకి సగం వినపడక, ఇంకా మూడు వారాలు ఆగమని చెప్పవే అని రెండుసార్లు అంది.

గురువారం తెల్లవారేసరికి కొత్త మంచు పడుతోంది. తొమ్మిదికల్లా వీధిలోని కప్పులన్నీ పాలమీగడ పరిచినట్టు ఉన్నాయి. కోసినా షెడ్డు మీద తువ్వాలంత మచ్చ తడిగా మెరుస్తోంది. మంచు రేకులు వచ్చి వాలుతున్నాయి, వాలి నీళ్ళయిపోతున్నాయి. నేను జాము పెట్టే బూరెలు వేయిస్తూ అదే చూస్తున్నాను. ప్రాగ్ వ్యాను వచ్చింది. కెమెరాలు, దీపాలు, మా మంచులో నడవడానికి పనికిరాని పల్చని బూట్లు దిగాయి.

కాసేపటికి మా వంటింటి తలుపు బార్లా తెరుచుకుంది. మంగళవారం మిగిలిన ఈకలు బల్ల మీదే ఉన్నాయి. గదంతా తెల్లగా లేచింది. ఆ తెలుపు మధ్యలో నల్ల కోటుతో ఒకావిడ, ముక్కు మీద, కనురెప్పల మీద ఈకలతో నిలబడి ఉంది. కోసినాగారి షెడ్డులో నీటి గొట్టం గడ్డకట్టిందట, ఆవిడకి మరుగుదొడ్డి కావాలట. ఆవిడే డాక్టర్ రెగీనా.

తిరిగొచ్చాక నేను ఆవిడ కోటు దులుపుతూ, ఎలాగూ అడగాల్సిందే కనుక అడిగాను. ఈ రోజే తెరవాలని ఎవరు నిర్ణయించారమ్మా అని. పోస్టర్లు అచ్చయ్యాయని చెప్పింది. నేను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కప్పు చూపించాను. ఎంత ముచ్చటగా ఉందో అని ఫోనుతో ఫొటో తీసుకుంది. ఆవిడకి అది బొమ్మలాగే కనిపించింది. డాక్టరు పట్టా ఉన్న మనిషికి మంచు కరగడం అర్థం కాకపోతే నాలాంటిది ఏం చెప్పగలదు?

వేడి బూరెలు పళ్ళెంలో పెట్టుకుని నేనూ ఆవిడ వెంట వెళ్ళాను. చేతిలో తినేది ఏదైనా ఉంటే ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. షెడ్డులో దీపాలు వెలుగుతున్నాయి. రాడిమ్ కొత్త చొక్కా వేసుకుని, పెద్ద తోలు చేతి తొడుగులు తొడుక్కుని కొలిమి ముందు నిలబడ్డాడు. కాళ్ళకి మాత్రం ఇంట్లో వేసుకునే గళ్ళ చెప్పులే. తొందరలో మార్చుకోవడం మరిచిపోయాడు. కెమెరా అతను నడుము దాకానే తీస్తానని ధైర్యం చెప్పాడు. బ్లాజెనా గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది, ముఖం ప్లాస్టరు రంగులో ఉంది.

ముందు ఉపన్యాసం జరిగింది. కాలం గురించి, నిప్పు గురించి, ఎదురుచూడడంలోని పవిత్రత గురించి పావుగంట మాట్లాడాడు. ఎదురుచూడడం గురించి ఇరవై రోజులు ముందుగా మాట్లాడడం వాడికే చెల్లింది. తరువాత తలుపు గడియ మరలు తిప్పడం మొదలుపెట్టాడు. నాలుగు మరలు ఉంటాయి. ఒకటి తీశాడు. రెండు తీశాడు. మూడో దాని మీద చెయ్యి పెట్టి అలా ఉండిపోయాడు. ఇంతకుముందు ఎప్పుడైనా అలా ఉండిపోతే అది వేషం. ఈసారి కాదు. కెమెరా వైపు చూడడం కూడా మరిచిపోయాడు.

నేను పళ్ళెం సాన బల్ల మీద పెట్టాను. వద్దనే అనుకున్నాను గాని నోరు ఆగలేదు.

"కప్పు చూసి రారా, రాడిమ్," అన్నాను.

వాడు తిరిగి నా వైపు చూశాడు. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఆ షెడ్డులో ఇంకెవరికీ తెలియదు. తొడుగులతోనే, గళ్ళ చెప్పులతోనే బయటికి వెళ్ళాడు. అందరూ గుమ్మం దాకా వచ్చారు. రాడిమ్ పెరట్లో చీలమండల దాకా మంచులో నిలబడి తల ఎత్తి చూశాడు. గడ్డం మీద మంచు పేరుకుంటోంది. కప్పు మీద పేరుకోవడం లేదు.

"మా దీపాల వేడికి కరుగుతోందేమో," అంది డాక్టర్ రెగీనా.

"మీ దీపాలు ఆ చివర ఉన్నాయి," అన్నాడు రాడిమ్. "ఇది కొలిమి మీద."

లోపలికి వచ్చి తీసిన రెండు మరలూ మళ్ళీ బిగించాడు. తొడుగులు తీసి మేకుకి తగిలించాడు. డాక్టర్ రెగీనా గొంతు మారింది. మాస్టారూ, మేము వంద కిలోమీటర్లు వచ్చాము అంది. పోస్టర్ల మీద ఉన్నది మీ పేరే అంది. వాడు గాలిలోకి చూడలేదు, కళ్ళు సగం మూయలేదు.

"పొట్ట ఇంకా వేడిగా ఉందమ్మా. తెరవను."

"అయితే హాలు మధ్య మీ శిల్పం పీట ఖాళీగా ఉంటుంది."

"ఎవరికైనా ఇవ్వండి."

ఆవిడ కాసేపు నిలబడింది, వాడు మనసు మార్చుకుంటాడేమో అని. వాడు సాన బల్ల మీద కూర్చుని నా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వరసగా అయిదు బూరెలు తిన్నాడు. లోపలి జాము గడ్డం మీదుగా కారుతోంది. కెమెరా అతను ఏం చేయాలో తెలియక మూసి ఉన్న కొలిమి తలుపును అయిదు నిమిషాలు తీశాడు. వాళ్ళు వెళ్ళిపోయాక బ్లాజెనా వచ్చి మొగుడి పక్కన కూర్చుని ఆరో బూరె సగం తుంచుకుంది.

ఆ పీట బ్ర్నో నగరం నుంచి వచ్చిన ఒక పడుచువాడికి ఇచ్చారు. వాడు పగిలిన కారు అద్దాలు దారాలతో వేలాడదీశాడట. ముందే పగిలిపోయిన గాజుకి ఏ కొలిమీ అక్కర్లేదు కదా, తెలివైనవాడు. రాడిమ్‌కి ప్రాగ్ నుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదు. జింక గుర్తు పబ్బులో రెండు వారాలు వాడే అందరి నోటికీ ఆహారం. వాడు లోపలికి రాగానే ఎవడో ఒకడు లేచి, గాజు చల్లారిందా మాస్టారూ, మీరు చల్లారారా అని అడిగేవాడు. అంతకంటే పెద్ద తంటా ఇంకొకటి వచ్చి పడింది. మార్చి మొదటి వారంలోనే ఎండలు కాచి ఊళ్ళో మంచంతా కరిగిపోయింది. వీధిలో ఏ కప్పు చూసినా నల్లగానే ఉంది. ఇప్పుడు ఎవరి కొలిమి చల్లారిందో, ఎవరిది వేడిగా ఉందో ఏ దేవుడు చెబుతాడు?

లెక్క ప్రకారం పందొమ్మిదిన తెరవచ్చు. కాని ఒకసారి కప్పు మాట విన్నాక వాడికి లెక్క మీద నమ్మకం పోయింది. ఏ విషయంలోనూ మధ్యదారి తెలియని మనిషి. రోజూ పొద్దున్నే మా కిటికీ దగ్గరికి వచ్చి, "అత్తా, మోకాలు ఎలా ఉంది?" అని అడిగేవాడు. నా ఎడమ మోకాలు మంచు పడే ముందు సలుపుతుందని వీధిలో అందరికీ తెలుసు. ఆ మోకాలు గురించి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగని మనిషి. బాగానే ఉందిరా అంటే ముఖం వేలాడేసుకుని వెళ్ళేవాడు. వీధిలో మిగతావాళ్ళం తోటల్లో విత్తనాలు నాటుకోవాలని చూస్తున్నాం. అయినా సిగ్గు లేకుండా మేము కూడా మంచు కోసం ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టాం. ఓతిల్కా ముల్లంగి మళ్ళు తవ్వడం ఆపేసింది. కారణం అడిగితే నడుము నొప్పి అంది.

ఇరవయ్యో తారీఖు సాయంత్రం నా మోకాలు సలపడం మొదలైంది. పొద్దున లేచేసరికి మళ్ళీ లోకమంతా తెలుపు. నేను రొట్టె కూడా కొయ్యకుండా కిటికీ దగ్గరికి వెళ్ళాను. కోసినా షెడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మడత లేని దుప్పటి పరిచినట్టు మంచు నిలిచి ఉంది. రాడిమ్ గళ్ళ చెప్పులతో పెరట్లో ఉన్నాడు. నేను చూస్తుండగానే నిచ్చెన వేసుకుని పైకెక్కి, వేలితో ఆ మంచు తడిమి, మళ్ళీ దిగాడు. అయినా ఆ రోజు తెరవలేదు. ఇంకో రెండు రోజులు ఆగాడు. పిరికితనం ఓపికలా కనిపించిన సందర్భం నా జీవితంలో అదొక్కటే.

తెరిచిన రోజు కెమెరాలు లేవు. నేను, ఓతిల్కా, బ్లాజెనా, తలుపు మోయడానికి అగ్నిమాపక దళంలో పనిచేసే పక్కింటాయన. ఉపన్యాసం లేదు. నాలుగు మరలూ తీశాడు, తలుపు లాగాడు, లోపలి నుంచి పాత నేలమాళిగ వాసన వచ్చింది, వేడి రాలేదు. మధ్యాహ్నం దాకా ఉలితో ప్లాస్టరు కొట్టి తీశాడు. మేము బకెట్లతో ముక్కలు బయట పారబోశాం. ఓతిల్కా ముందుకు వచ్చి, మంచి చెవి గాజుకి ఆనించి, వేలి కణుపుతో కొట్టింది. చర్చి గంట చిన్నగా మోగినట్టు మోగింది. ఆమె ఇంకో మూడు చోట్ల కొట్టి చూసింది.

"బీట లేదు," అంది. "మీ నాన్న కొలిమిలోంచి వచ్చినట్టుంది."

రాడిమ్ వెళ్ళి ఉలి కడుక్కున్నాడు. కడిగిన ఉలినే చాలాసేపు కడిగాడు.

ఇంతకీ ఆ శిల్పం ఎలా ఉందంటారా? ముద్ద. ఊరందరి ఆదివారాలూ కలిపి ఉడికించినంత పెద్ద ముద్ద, తేనె కలిపిన పొగ రంగు, మధ్యలో ఒక చిల్లు. దాన్ని చూసి నా మనసు మారిందని చెబితే అది అబద్ధం. చిల్లు పక్క గాజులోంచి చూస్తే అవతల నిలబడ్డ బ్లాజెనా ముఖం తలకిందులుగా కనిపించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తలకిందుల్లో నాకు తెలియలేదు. అది మాత్రం కాస్త బాగుంది.

ఎండాకాలమంతా వాడూ ఓతిల్కా కలిసి దానికి మెరుగు పెట్టారు. డాక్టర్ రెగీనాకి రెండు ఉత్తరాలు రాశాడు, జవాబు లేదు. అంత బరువైనదాన్ని పట్టే గది ఊళ్ళో ఇంకెక్కడా లేక అగ్నిమాపక దళంవాళ్ళ హాలులో, నీటి పంపు పక్కన పెట్టారు. దాని కింద "నిశ్చలత" అని ఇత్తడి పలక ఉంది. శిల్పం మీద తరచుగా ఎవరిదో హెల్మెట్ ఉంటుంది. రాడిమ్ వారానికి రెండుసార్లు వెళ్ళి ఆ హెల్మెట్ తీసి మేకుకి తగిలించి వస్తాడు. వాళ్ళు మళ్ళీ పెడతారు. పబ్బులో వాడి కుర్చీలో ఇప్పుడు వేరేవాళ్ళు కూర్చుంటున్నారు.

కిందటి నెల గాజు బడిలో పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళి, కప్పు మీద మంచు చూసి కొలిమి తెరిచే పద్ధతి అనేక ఏళ్ళ సాధనలో తానే కనిపెట్టానని చెప్పాడట. అక్కడ చదివే ఓతిల్కా మనవరాలు వచ్చి చెప్పింది. అలోయిస్ బతికి ఉంటే ఇంకో కట్ట ఉల్లిపాయలు ఆరబెట్టుకునేవాడు.

ఈ చలికాలం మళ్ళీ షెడ్డు మీద దుప్పటంత నల్ల మచ్చ పడింది. లోపల ఏముందో అడిగితే వాడు చెప్పలేదు. బ్లాజెనాని అడిగాను, మళ్ళీ ముద్దేనట. మంచు పడ్డ ప్రతి ఉదయం నేను కాఫీ కలుపుకునే వేళకి వాడు పెరట్లో తల ఎత్తుకుని నిలబడి ఉంటాడు, కాళ్ళకి అవే గళ్ళ చెప్పులు. బూట్లు వేసుకోవాలన్న బుద్ధి ఇంకా రాలేదు.